రెండేళ్లు నిండకముందే జీను వేయొచ్చా? గుర్రపు పిల్ల ఎముకల ఎదుగుదల గురించి

చేవెళ్ల_రైతు:
అందరికీ నమస్కారం. మా దగ్గర మార్వాడీ జాతి మగ గుర్రపు పిల్ల ఒకటి ఉంది, ఇప్పుడు 20 నెలలు నడుస్తున్నాయి. ఎత్తు చూస్తే తల్లికి రెండు వేళ్లు తక్కువ, అంతే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఇంకా ఎక్కట్లేదా అని అడుగుతున్నారు. గుర్రాలకి శిక్షణ ఇచ్చే మాస్టారు ఒకాయన వచ్చి చూసి, రేసు గుర్రాలు రెండేళ్లకే పరుగెడుతున్నాయి కదా, దీనికేం తక్కువ, వచ్చే నెల నుంచి ఎక్కుదాం అన్నాడు. మా పెదనాన్నేమో నాలుగేళ్లు నిండేదాకా నడుం మీద గోనెసంచి కూడా వేయనివ్వను అంటున్నాడు. మార్వాడీ గుర్రాలు పెంచే ఇంకో ఆయన, ఆరేళ్ల వరకు వెన్నెముక గట్టిపడదు, అప్పటిదాకా ఎక్కితే పాపం అని పెద్ద మెసేజ్ పంపాడు. రెండా, నాలుగా, ఆరా? ఇందులో ఏది నమ్మాలో తేలక టెన్షన్‌గా ఉంది. నా బరువు 78 కిలోలు. దాణా రోజుకి రెండు కిలోల తవుడు, ఒక కిలో ఉడకబెట్టిన ఉలవలు, బర్రెలకి వేసిన సూపర్ నేపియర్ గడ్డి. కంచె లేదు కాబట్టి ఎక్కువసేపు షెడ్డులోనే కట్టేసి ఉంటుంది.

మలక్‌పేట_ఉదయం:
అన్నా, నేను రేస్‌కోర్సులో పొద్దుటి పూట గుర్రాలు ఎక్కే పని చేస్తాను. రేసు గుర్రాలతో మీ మాస్టారు పెట్టిన పోలిక సగమే నిజం. అక్కడ రెండేళ్ల పిల్లని ఎక్కేది 50, 55 కిలోల మనిషి, జీను చూస్తే అరచేతిలో పట్టేంత. ట్రాక్ మెత్తగా దున్ని ఉంటుంది, కాళ్లు రోజూ తడిమి చూసేవాళ్లు ఉంటారు, కాస్త వేడి తగిలినా పని ఆపేస్తారు. అంత చూసుకున్నా పిల్లలకి షిన్ నొప్పి వస్తూనే ఉంటుంది, ముందుకాలి కానన్ ఎముక, అంటే మోకాలి కింద ఉండే పొడుగు ఎముక మీద చెయ్యి పెట్టనివ్వవు.

ఇంకో సంగతి. థరోబ్రెడ్, అంటే రేసు గుర్రాల జాతి పిల్ల, ఏ నెలలో పుట్టినా ఇక్కడ జనవరి 1కి ఒక ఏడు పెరిగినట్టే లెక్క. మే నెలలో పుట్టిన పిల్ల కాగితం మీద రెండేళ్లది అయ్యేసరికి దానికి అసలు వయసు 20 నెలలే. మన దేశంలో రెండేళ్లవాటి రేసులు ఆ ఏడాది చివర్లో గానీ మొదలవవు. పెద్ద రేసులు చూస్తే, అక్టోబరు 2న మలక్‌పేటలో జరిగే దక్కన్ డెర్బీ మూడేళ్లవాటికి, ఫిబ్రవరిలో ముంబైలో జరిగే ఇండియన్ డెర్బీ నాలుగేళ్లవాటికి. కాబట్టి రేసు గుర్రం అనగానే రెండేళ్లకి పూర్తిగా తయారైపోయిందని కాదు.

బరాత్_గుంటూరు:
మాది పెళ్లి గుర్రాల పని, మా తాత కాలం నుంచి. ఎత్తు చూసి మోసపోవద్దు తమ్ముడూ, నోరు తెరిచి పళ్లు చూడు. ముందు పళ్లలో మధ్య జత రెండున్నరేళ్లకి మారుతుంది, పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి. ఐదేళ్లకి నోరు నిండుతుంది. మా దగ్గర మధ్య జత రాలకుండా మనిషిని ఎక్కించం, పక్క జత కూడా మారాకే ఊరేగింపుకి పంపుతాం. రాత్రంతా సిమెంటు రోడ్డు మీద డప్పుల మధ్య, మీద పెళ్లికొడుకుతో పాటు తోడు పిల్లాడు. ఇది మామూలు బరువు కాదు. కొందరు రెండేళ్ల పిల్లలని కొని తెచ్చి సీజన్ మొత్తం తిప్పేస్తున్నారు. నాలుగేళ్లకే మోకాళ్లు వాచి ఎందుకూ పనికిరాకుండా పోయిన వాటిని కళ్లారా చూశాను, చాలా బాధగా ఉంటుంది.

సికింద్రాబాద్_రైడర్:
నేను రైడింగ్ నేర్చుకుంటున్నాను, గుర్రం సొంతంగా లేదు. ఒక సందేహం. ఎముక గట్టిపడటం అంటే ఏమిటి? పుట్టినప్పుడు మెత్తగా ఉండి తర్వాత గట్టిపడుతుందా? గుర్రపు పిల్ల పుట్టిన గంట రెండు గంటల్లో లేచి పరుగెడుతుంది కదా, ఎముక మెత్తనిదైతే అదెలా సాధ్యం?

డా_గోదావరి:
పశువైద్యుణ్ణి, గోదావరి జిల్లాలో ప్రాక్టీసు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మేడమ్ అడిగింది అసలైన ప్రశ్న. పిల్ల పుట్టేసరికే కాళ్ల ఎముకలు చాలావరకు గట్టి ఎముకే. మెత్తగా మిగిలేది కొసల దగ్గర ఉండే పలుచని మృదులాస్థి పొర, దాన్నే గ్రోత్ ప్లేట్ అంటాం. ఆ పొరలో కణాలు వరసలుగా పెరుగుతూ, ఉబ్బుతూ, సున్నం పట్టి, అక్కడికి రక్తనాళాలు చేరి, ఎముక కణాలు వచ్చి దాని స్థానంలో ఎముకని పేరుస్తాయి. ఎముక పొడవు పెరిగేది ఇలాగే. కొత్త మృదులాస్థి తయారవడం ఆగిపోయి ఆ పొర మొత్తం ఎముకగా మారిపోతే ప్లేటు మూసుకుంది అంటాం. ఇక ఆ కొసలో పొడవు పెరగదు.

ఇవన్నీ ఒకేసారి మూసుకోవు. స్థూలంగా కింది నుంచి పైకి జరుగుతుంది. గిట్ట పైన ఉండే చిన్న ఎముకలవి ఏడాదిలోపు అయిపోతాయి. కానన్ ఎముక కింది కొస 6 నుంచి 9 నెలల్లో. ముందుకాలి మోకాలికి పైన ఉన్న రేడియస్ కింది కొస 24 నుంచి 30 నెలల మధ్య, మోకాళ్లు మూసుకున్నాయా అని గుర్రాలవాళ్లు అడిగేది దీని గురించే. తొడ ఎముక కింది కొస, దాని కింద టిబియా పై కొస మూడేళ్లు దాటాక కూడా కొన్నింటిలో తెరిచే ఉంటాయి. వెన్నుపూసల కొసలు అన్నిటికంటే ఆలస్యం, ఐదారేళ్లు పడుతుంది. జాతిని బట్టి, మగా ఆడా తేడాని బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతాయి.

మీ పిల్ల ఎత్తు తల్లిని అందుకుందంటే ఆశ్చర్యం లేదు. థరోబ్రెడ్లలో కొలిచిన లెక్కల ప్రకారం ఆరు నెలలకే పెద్ద గుర్రం ఎత్తులో 83, 84 శాతం వస్తుంది, ఏడాదికి 90, ఏడాదిన్నరకి 95 దాకా. బరువు మాత్రం వెనకబడి వస్తుంది, ఆరు నెలలకి సగం కూడా ఉండదు, ఏడాదికి మూడింట రెండు వంతులు. కాళ్లు ముందే పొడుగవుతాయి, ఒళ్లు తర్వాత నిండుతుంది. 20 నెలల్లో మీ పిల్ల మోకాలి దగ్గర ప్లేటు ఇంకా తెరిచే ఉండి ఉంటుంది. వచ్చే నెల 78 కిలోల మనిషి ఎక్కడం వద్దు.

చేవెళ్ల_రైతు:
డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. అయితే వెన్ను ఐదారేళ్లు అన్నారు కాబట్టి ఆరేళ్లు ఆగమన్నాయన మాటే కరెక్టా?

కెంటకీ_తెలుగు:
నేను అమెరికాలో లెక్సింగ్టన్ దగ్గర గుర్రాలు పుట్టించి పెంచే ఒక స్టడ్ ఫారంలో పనిచేస్తున్నాను, మాది మెదక్. ఆ ఆరేళ్ల వాదన ఇక్కడ చాలా పాతది. అమెరికాలో డాక్టర్ డెబ్ బెనెట్ అనే ఆవిడ రాసిన వ్యాసం నుంచి ఎక్కువగా వ్యాపించింది. ఏ జాతి గుర్రమైనా ఆరేళ్లకి ముందు పూర్తిగా ఎదగదు, వెన్నెముక చివరిదాకా మిగులుతుంది అని ఆవిడ వాదన. దానికి ఎదురుగా న్యూజిలాండ్‌లో మాస్సీ యూనివర్సిటీకి చెందిన రోజర్స్, గీ, డిట్‌మర్ 2021లో ఒక సమీక్ష రాశారు. ఎత్తు, గ్రోత్ ప్లేట్లు, ఎముక సాంద్రత లాంటి కొలతలన్నీ దగ్గర పెట్టి చూస్తే రెండేళ్లకి గుర్రం అస్థిపంజరం దాదాపు పరిణతి చెందినట్టే లెక్క, పనికి స్పందించే శక్తి ఎముకకి చిన్న వయసులోనే ఎక్కువ అని వాళ్లు తేల్చారు. ఇద్దరూ మాట్లాడేది ఒకే జంతువు గురించి, కానీ పరిణతి అనేదాన్ని కొలిచే గీత వేరు. ఆవిడ చిట్టచివరి ప్లేటు మూసుకోవడం చూస్తారు, వీళ్లు పరుగు భారాన్ని మోసే కాళ్ల సంగతి ప్రధానంగా చూస్తారు.

నా అభిప్రాయం చెప్తాను. తెరిచి ఉన్న ప్రతి ప్లేటూ ప్రమాదమే అనుకుంటే గుర్రపు పిల్లని పరుగెత్తనివ్వకూడదు, కానీ అది పుట్టిన రోజు నుంచే పరుగెడుతోంది. వెన్నుపూస కొసలు చివరి దాకా తెరిచి ఉండటం నిజం, అందుకని నాలుగేళ్ల గుర్రం మీద తేలికైన మనిషి అరగంట నడక చేయిస్తే నడుం విరుగుతుందని దానికి అర్థం కాదు. బరువు ఎంత, వేగం ఎంత, ఎంతసేపు, ఏ నేల మీద, వీటన్నిటినీ పక్కన పెట్టి ఒక్క వయసు అంకె పట్టుకుని కొట్టుకోవడం వల్లే ఈ గొడవ తెగట్లేదు.

మలక్‌పేట_ఉదయం:
అన్నా, మరి రెండేళ్లకి పరుగెత్తినవే ఎక్కువ కాలం రేసుల్లో నిలబడతాయని మా దగ్గర పెద్దవాళ్లు అంటారు. అది నిజమేనా?

కెంటకీ_తెలుగు:
లెక్కలు అలాగే చెప్తున్నాయి తమ్ముడూ. ఇక్కడ పేరున్న గుర్రాల సర్జన్ లారీ బ్రామ్లేజ్ కూడా ఎన్నో ఏళ్లుగా అదే మాట చెప్తున్నారు. కానీ ఆ లెక్కని జాగ్రత్తగా చదవాలి. రెండేళ్లకి రేసు దాకా వచ్చే పిల్ల అంటేనే కాళ్లు బాగున్న పిల్ల, నొప్పి ఉన్నది అప్పటికే వెనక ఆగిపోయి ఉంటుంది. కాబట్టి ఆ లాభంలో తొందరగా పని చేయించడం వల్ల వచ్చిందెంత, మొదటి నుంచీ గట్టి పిల్ల కావడం వల్ల వచ్చిందెంత అని విడదీయడం కష్టం.

ఎలాంటి పని ఎముకని ఎలా మారుస్తుందో చూపించిన పరిశోధన పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డేవిడ్ న్యూనమేకర్ చేశారు. మీరు చెప్పిన షిన్ నొప్పి మీదే. పిల్ల కానన్ ఎముక పెద్ద గుర్రం దానికంటే ఎక్కువ వంగుతుంది, పూర్తి వేగంలో ముందు వైపు ఒత్తిడి బాగా పడుతుంది, ఆ వైపు మందం పెంచుకోవాలని ఎముక హడావిడిగా కొత్త పొర వేస్తుంది, నొప్పి అక్కడిది. రోజూ మైళ్లకి మైళ్లు నెమ్మదిగా పరుగెత్తించినా ఆ వైపు మందం రాదు, ఎందుకంటే నెమ్మది పరుగులో ఎముక మీద ఒత్తిడి పడే దిశే వేరు. చాలా తక్కువ దూరం, కాస్త వేగంగా, మధ్యలో రోజులు వదిలి, దూరాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ఎముక ఆ పనికి తగ్గ ఆకారం తెచ్చుకుంటుంది. ఎంత పని చేయించాం అన్నదాని కంటే ఎలాంటి పని అన్నది ముఖ్యం.

డా_గోదావరి:
కెంటకీ సోదరుడు చెప్పిన దాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. ప్లేటు మూసుకున్నంత మాత్రాన ఎముక పని అయిపోదు. పొడవు ఆగినా మందం, లోపలి అల్లిక జీవితాంతం మారుతూనే ఉంటాయి, పడే బరువుని బట్టి. అందుకే రైతు గారు రాసిన పోస్టులో నన్ను ఎక్కువ భయపెట్టింది జీను సంగతి కాదు, చివర రాసిన రెండు వాక్యాలు. షెడ్డులో కట్టేయడం, దాణా.

ముందు షెడ్డు సంగతి. మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బ్రయన్ నీల్సన్ బృందం ఏళ్ల తరబడి చేసిన పనిలో ఒకటే మళ్లీ మళ్లీ తేలింది. పచ్చిక మీద తిరిగే పిల్లని తెచ్చి గదిలో పెడితే ఎముకలో ఖనిజం తగ్గుతుంది. రోజూ కాసేపు నడిపించినా ఆ లోటు తీరదు. అదే గదిలో ఉన్న పిల్లని కొద్ది దూరమైనా స్వేచ్ఛగా పరుగు తీయిస్తే ఎముక నిలబడుతుంది. నాలుగేళ్లు బరువు పెట్టకుండా కాపాడాం అని షెడ్డులోనే ఉంచి, ఒక రోజు తీసి ఎక్కితే, అది బలహీనమైన ఎముక మీద ఎక్కడమే. బరువు ఆలస్యం చేయండి, కదలిక మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. ఎకరం పొలానికి కంచె వేయించండి, రోజులో ఎంతసేపు వీలైతే అంతసేపు వదలండి, తోడుగా తల్లినో ఇంకో గుర్రాన్నో ఉంచితే అవే ఆడుకుంటాయి. తాడు కట్టి చిన్న గుండ్రంలో గంటలకొద్దీ తిప్పడం మాత్రం వద్దు, ఒకే వైపు ఒరిగి పరుగెత్తితే లేత కీళ్ల మీద బరువు సమంగా పడదు.

ఇక దాణా. ఇది ఇంకా ముఖ్యం. బియ్యపు తవుడులో ఫాస్ఫరస్ కిలోకి 16 గ్రాముల దాకా, కాల్షియం ఒక గ్రాము. రెండు కిలోలంటే 32 గ్రాముల ఫాస్ఫరస్, 2 గ్రాముల కాల్షియం. మీ పిల్ల పెద్దయ్యాక 400 కిలోలు అవుతుందనుకుంటే ఈ వయసులో దానికి రోజుకి కావలసింది సుమారు 30 గ్రాముల కాల్షియం, 17 గ్రాముల ఫాస్ఫరస్. అంటే కాల్షియం ఫాస్ఫరస్ కంటే ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్లు. మీ దగ్గర తలకిందులుగా ఉంది. పైగా నేపియర్ గడ్డిలో ఆక్సలేట్ ఎక్కువ, అది ఆ గడ్డిలో ఉన్న కాస్త కాల్షియాన్ని కూడా పట్టేసుకుని పేడలో పంపేస్తుంది. బర్రె పొట్టలో సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ని చాలావరకు విరగ్గొడతాయి, గుర్రానికి ఆ సౌకర్యం లేదు. బర్రెలకి పనికొచ్చింది గుర్రానికీ పనికొస్తుందనుకోవడం మన ప్రాంతంలో చాలాచోట్ల చూస్తున్నాను.

రక్తంలో కాల్షియం తగ్గకూడదు కాబట్టి శరీరం ఎముకల్లోంచి లాగుతుంది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు, కాబట్టి దాన్ని చూసి ధైర్యం పడకండి. ఒకరోజు ఈ కాలు, ఇంకోరోజు ఆ కాలు కుంటడం, నమలడంలో ఇబ్బంది, ముదిరితే పై దవడ దగ్గర ముఖం రెండు వైపులా ఉబ్బడం కనిపిస్తాయి. తవుడు ఎక్కువగా తినే గుర్రాలకి ఈ జబ్బు వస్తుందని వందేళ్ల పైనుంచి తెలుసు.

చేవెళ్ల_రైతు:
డాక్టర్ గారూ, ఇది చదివాక నిద్ర పట్టలేదు. ముఖం వాపు ఏమీ లేదు, కుంటడం లేదు. ముందు మోకాళ్ల పైన మాత్రం లోపలి వైపు కాస్త ఉబ్బుగా, గట్టిగా ఉన్నట్టు అనిపిస్తోంది. అది మామూలేనా? మరి తవుడు పూర్తిగా మానేయాలా, బర్రెలకి వేసే మినరల్ మిక్చర్, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) వేస్తే సరిపోతుందా?

డా_గోదావరి:
మోకాలి పైన లోపలి వైపు ఉబ్బు అంటే గ్రోత్ ప్లేట్ దగ్గర వాపు అయ్యుండొచ్చు, ఫిజైటిస్ అంటాం. ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల మధ్య రేడియస్ కింది కొసలో వస్తుంది. అంతకంటే చిన్న పిల్లల్లో కానన్ కింది కొసలో, కాలు అక్కడ డమరుకంలా కనిపిస్తుంది. తొందరగా బరువు పెరగడం, పిండి పదార్థం ఎక్కువున్న దాణా, ఖనిజాల తేడా, గట్టి నేల, వంకర కాళ్లు అన్నీ కారణాలే. ఫోటో చూసి చెప్పలేను, తప్పకుండా ఎక్స్‌రే తీయించండి. మీకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దగ్గర, ముందు అక్కడ అడగండి. రెండు మోకాళ్లకీ తీయించండి, ప్లేటు ఎంతవరకు మూసుకుందో కూడా అందులోనే తెలుస్తుంది. ఆ సంగతి తేలేదాకా వేగంగా పరుగెత్తించొద్దు, పొలంలో దానంతట అది నడుస్తుంటే చాలు.

తవుడు వారంలో మెల్లగా తగ్గించి ఆపేయండి, ఒక్కసారిగా మార్చితే కడుపునొప్పి వస్తుంది. నేపియర్ బదులు లూసర్న్ అనే పశుగ్రాసం, జొన్న చొప్ప కాకుండా మామూలు ఎండుగడ్డి. ఎండు లూసర్న్ కిలోకి 12 నుంచి 14 గ్రాముల కాల్షియం ఇస్తుంది. ఉలవలు కొద్దిగా ఉంచొచ్చు. డీసీపీలో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా బాగా ఉంటుంది, కాబట్టి మీ సమస్యకి అది సరైన మందు కాదు. దాణాకి వాడే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్ తీసుకోండి, 50 గ్రాముల్లో సుమారు 19 గ్రాముల కాల్షియం ఉంటుంది. తమలపాకుకి రాసే తడి సున్నం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు, నోరు, పేగులు కాలిపోతాయి. మోతాదు మీ దగ్గరి డాక్టరు పిల్లని చూసి ఖాయం చేయాలి.

బరాత్_గుంటూరు:
జొన్న చొప్ప ఎందుకు వద్దన్నారు డాక్టర్ గారూ? మేం ఏడాదిలో సగం రోజులు అదే వేస్తాం.

డా_గోదావరి:
లేత పచ్చి జొన్నతో విషం భయం, నీళ్లు లేక వాడిన చేలో ఇంకా ఎక్కువ. గుర్రాల్లో జొన్న మేత మీదే ఉంచితే మూత్రాశయం, వెనక కాళ్ల నరాలు దెబ్బతినే జబ్బు కూడా ఉంది. బాగా ఎండిన చొప్పతో భయం చాలా తక్కువే, అయినా ఎదిగే పిల్లకి అందులో పోషణ లేదు. మీ పెద్ద గుర్రాలకి కొద్దిగా వేస్తే పరవాలేదు, మేతంతా అదే కాకుండా చూసుకోండి.

సికింద్రాబాద్_రైడర్:
మరి చివరికి ఎప్పుడు ఎక్కాలి? మా క్లబ్బులో గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు అంటారు, ఎదిగే గుర్రానికి కూడా అదే లెక్కా?

కెంటకీ_తెలుగు:
ఆ ఐదో వంతు ఎదిగిన, కండ పట్టిన గుర్రానికి చెప్పింది. మనిషి, జీను, సామాను అన్నీ కలిపి లెక్క. రైతు గారు 78, మామూలు జీను 8 అనుకుంటే 86. ఈ పిల్ల ఇప్పుడు 290 ఉందనుకుంటే ఐదో వంతు 58 కిలోలు. పూర్తిగా ఎదిగి 400 అయినా 80 దగ్గరే ఆగాలి. అంటే రైతు గారు పెద్ద గుర్రం మీద కూడా హద్దు దాటుతున్నారు, కాస్త తగ్గితే గుర్రానికి మంచిది. లాంగ్ డిస్టెన్స్ రైడింగ్ చూడండి, అమెరికాలో ఆ పోటీలు చూసే ఏఈఆర్‌సీ అనే సంస్థ నిబంధన ప్రకారం 50 మైళ్ల పోటీకి గుర్రానికి కనీసం 60 నెలలు నిండాలి. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూలు వాళ్లు లిపిజానర్ జాతి గుర్రాలకి దాదాపు నాలుగేళ్లకి శిక్షణ మొదలుపెడతారు. రైతు గారి పెదనాన్న మాట ఈ రెండింటికీ దగ్గరగా ఉంది.

నేనైతే ఇలా చేస్తాను. ఇప్పటి నుంచి మూడేళ్ల దాకా నేల మీద పని, అంటే కళ్లెం, పగ్గంతో నడక, గిట్టలు ఎత్తనివ్వడం, రోడ్డు చప్పుళ్లు, ఖాళీ జీను. ఎక్స్‌రేలో మోకాళ్లు మూసుకున్నాయని తేలాక, మూడు దాటాక, తేలికైన మనిషి పది పదిహేను నిమిషాలు నడక మాత్రం. అసలు స్వారీ నాలుగు నిండాక. ఆరేళ్ల దాకా ఆగినా గుర్రానికి నష్టం లేదు, రోజూ తిరుగుతూ ఉంటే.

చేవెళ్ల_రైతు:
కంచె పని మొదలుపెట్టించాను, మాస్టారికి వద్దని చెప్పేశాను. ఎక్స్‌రేకి సోమవారం తీసుకెళ్తున్నాం. చివరిగా ఒకటి అడుగుతాను, మా అబ్బాయికి 12 ఏళ్లు, 35 కిలోలే ఉంటాడు. బరువు లెక్కలో సరిపోతాడు కదా, వాడిని ఇప్పుడే కూర్చోబెట్టొచ్చా?

డా_గోదావరి:
బరువు పరంగా సరిపోతాడు, ఆ లెక్కలో భయం లేదు. కానీ ఎప్పుడూ మనిషిని మోయని మగపిల్ల మీద, ఎక్కడం పూర్తిగా రాని పిల్లాడిని పెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు, అక్కడ భయం మీ అబ్బాయి ఎముకల గురించి. మోకాళ్లలో వాపు ఉంటే ఆ 35 కిలోలు కూడా వద్దు. ప్రస్తుతానికి పగ్గం పట్టుకుని పొలం చుట్టూ నడిపించే పని వాడికి అప్పజెప్పండి, మీరు పక్కన ఉండండి, తలకి హెల్మెట్ పెట్టండి. ఎక్స్‌రే వచ్చాక మోకాలి ఫిల్మ్‌లు రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.